అజీజా ఇంటి బొమ్మ రైలు

అరబ్బు దేశంలోని ఖబూరాలో లింబాద్రి మరమ్మతు దుకాణం సముద్రానికి ఎంత దగ్గరంటే, ఉప్పుగాలి ముందు అతని స్క్రూలను పలకరించి ఆ తర్వాతే ఊళ్లోకి పోయేది. ఆర్మూరులో బోరు మోటార్లు చుట్టిన చేతులతోనే ఇక్కడ ఖర్జూరం తోటల మోటార్లు చుట్టేవాడు. విప్పి మూసిన ప్రతి స్క్రూ మీదా, తర్వాత ఇంకెవరైనా విప్పితే తెలిసిపోయేలా, ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టేవాడు. లోపలి రాగి తీగ కాజేశావని ఒకసారి నింద పడ్డాక అబ్బిన అలవాటది. మనుషుల మీదా అలాంటి చుక్క పెట్టే వీలుంటే బాగుండుననుకునేవాడు.

2008 చలికాలంలో, అదే వీధిలో అజీజా అనే ఆవిడ ఇంట్లో పనిచేసే కడప మనిషి మల్లీశ్వరి, ఒక నల్ల పెట్టెను కొంగులో చుట్టుకొచ్చింది. బొమ్మ రైలుకు కరెంటు తగ్గించి అందించే ట్రాన్స్‌ఫార్మర్.

"నేనే చెడగొట్టినానంటాంది మేడమ్. రైలు నడవకుంటే పనిలోంచి తీసేసి ఏజెంటు ఆఫీసులో దించేస్తాదంట."

లింబాద్రి పెట్టెను కాదు, ఆమెను చూశాడు.

"మేడమ్ పంపిందా, నువ్వే తెచ్చినవా?"

"నా ముఖాన దొంగ అని రాసుండాదా?"

అతడు మూత విప్పి, తీగలకు చిన్న బల్బు తగిలించాడు. బల్బు నిండుగా వెలిగింది.

"దీనికేం రోగం లేదు."

"ఇంట్లో చచ్చింది నీ కాడికొచ్చి ఎట్లా బతికింది? లోపలిది మార్చినావేమో."

"నీ కండ్ల ముందటనే ఇప్పిన గద."

"నా కండ్లకు కరెంటు కనపడ్తాదా?"

మాట పడటం ఇష్టంలేక, దుకాణం మూసి ఆమె వెంట నడిచాడు.

హాల్లో నేల మీద ఇత్తడి పట్టాలు, ఎండ ముక్కను వంచి పరిచినట్టున్నాయి. పెట్టెను వాటికి తగిలించి మీట తిప్పినా రైలు కదల్లేదు. పెట్టె మూలిగి, వేడెక్కి, మూగబోయింది. అజీజా చూపు అతని మీంచి ఆమె మీదికి, మళ్లీ అతని మీదికి మళ్లింది.

"పట్టాలు గింత మెరుస్తున్నయేంది?" తెలుగులో అడిగాడు లింబాద్రి.

"నల్లబడినాయని చింతపండూ ఇనుప పీచూ పెట్టి తోమినా. మా ఇంట్లో దీపం కుందులు అట్లే తోముతాం," అంది మల్లీశ్వరి, కాస్త గర్వంగానే.

"ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారు?" అజీజా హిందీలో అడిగింది. తెలుగు ఆమెకు మూసిన తలుపు.

లింబాద్రి పట్టాల మీదికి వంగాడు. ఒక పట్టా నుంచి రెండో పట్టాకు అడ్డంగా వెంట్రుకంత ఇనుప పోగు పడి ఉంది. కరెంటు ఇంజన్‌ దాకా పోకుండా దాని మీదుగానే దాటిపోతోంది. ఆ వేడికి ట్రాన్స్‌ఫార్మర్ తనను తాను ఆపేసుకుంటోంది. పోగును వేలికి అద్ది తీసి, పట్టాలన్నీ బట్టతో తుడిచాడు. పెట్టె చల్లారాక మీట తిప్పితే రైలు నిద్రలేచినట్టు కదిలింది.

"ఏం చెడింది?" అంది అజీజా.

అతని వేలి కొసన పోగును మల్లీశ్వరి చూసింది. అది తాను తోమిన పీచుదేనని ఆమెకు అర్థమైంది. లింబాద్రి వేలిని ప్యాంటుకు రాసుకున్నాడు.

"ఉప్పుగాలి, మేడమ్. పట్టాలకు చిలుము పట్టింది."

"ఈ మెరిసే పట్టాలకా?"

"అతుకుల సందుల్లో."

అజీజా నమ్మలేదు. కానీ రైలు తిరుగుతోంది. "సరే, పనిచూసుకో," అంది మల్లీశ్వరితో.

గేటు దగ్గర మల్లీశ్వరి అతణ్ని ఆపింది.

"ఎందుకు అబద్ధం చెప్పినావన్నా?"

"నీ నౌకరి పోతది గద."

"ఊరికే ఎవరు చెప్తారు? రేపొచ్చి ఏమడగతావ్?"

లింబాద్రి ఆమె చూపును గుర్తుపట్టాడు. ఇన్నేళ్లూ ఎదుటివాళ్లను తాను చూసిన చూపు ఇదే.

"ఏమడగ. పీచు ముట్టకు, బట్టతోనే తుడువు."

"నీ షాపు కాడికి నేను రాను. ముందే చెప్తాండా."

"రాకు."

గేటు మూసుకుంది. పైగడియ పడింది. అతడు నాలుగడుగులు వేశాక, కింది గడియ కూడా పడిన చప్పుడైంది.