కోత పండగ వేలంలో కాఫీ గింజలు

మా నాయన ఒక గుమ్మడికాయ గురించి పావుగంట మాట్లాడగలడు. నా కాఫీ గురించి మాట్లాడమంటే మాత్రం ఆయన నోట్లోంచి మూడు ముక్కలు రాలాయి. ఆ కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు, పోవాలని కూడా నేను అనుకోవడం లేదు.

మాది జమ్మలమడుగు నుంచి గండికోటకు పోయే దారి పక్కన ఊరు. మేము గుడి అనే పిలుచుకునే మిషన్ కాలం నాటి చర్చి, కింద కడప బండలు, పైన పెంకులు. శనగ పీకుడు అయిపోయాక ప్రతి ఏడూ కోత పండగ చేస్తాం. ప్రతి ఇంటివాళ్లూ తమ కష్టంలో మొదటి ఫలం తెచ్చి ముందర బల్ల మీద పెడతారు. శనగలు, కొర్రలు, చెనిక్కాయలు, కోడిపుంజులు, ఏమీ లేనివాళ్లు నాలుగు గుడ్లు. ప్రార్థన అయ్యాక వాటిని గుడిలోనే వేలం వేస్తారు. వచ్చింది గుడికే. పాడుకున్నవాళ్లు ఇష్టమైతే దాన్ని ఇంటికి తీసుకుపోతారు, లేదంటే తిరిగి బల్ల మీదే పెడతారు, మళ్లీ వేలం వేయడానికి.

ఆ వేలం వేసేది మా నాయన. నేను పుట్టకముందు నుంచీ ఆయనే. ఆయన పాస్టరు అయ్యగారూ కాదు, ఊరి పెద్దా కాదు. వానను నమ్ముకున్న కాస్త చేను ఉన్న మనిషి. అయితే ఊళ్లో ప్రతి చేనూ ఆయనకు తెలుసు. పొద్దున లేచి గట్లమ్మట తిరగకపోతే ఆయనకు అన్నం దిగదు. అందుకే బల్ల మీది వస్తువును చేతిలోకి తీసుకున్నాడంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్తాడు.

"ఈ గుమ్మడికాయ యాడిది అనుకుంటాండారు? వంక పక్కన మా చిన్నక్క చేను. కింద సుద్ద, పైన మూరెడు నల్లరేగడి. బోరు నీళ్ల మొగం చూడలా ఇది. ఇదో, ఈ పక్క ఉడత కొరికినాది, చూడండి. దాసిపెట్టి అమ్మను నేను. కొరికిన కాడ మాని గట్టిపడినాది. తీపి లేకపోతే ఉడత ఎందుకు కొరుకుతాదప్పా?"

ఎప్పుడూ ముందు లోపం చెప్తాడు. పుచ్చు ఉంటే పుచ్చు, తాలు ఉంటే తాలు. తర్వాతే గుణం. అందుకే ఆయన మాట మీద జనం నమ్మి పాడతారు. ఇంకా చెప్పాలంటే, ఆయన నోటితో పలికేదాకా మా ఊళ్లో ఏదీ పంట కిందికి రాదు.

ఇక నా సంగతి. ప్రైవేటు బడిలో టీచరు పని మానేసి నేను కాఫీ గింజలు వేయించడం మొదలుపెట్టాను. గండికోట చూడటానికి బెంగళూరు నుంచి జనం వస్తున్నారు, గుడారాల్లో ఉంటున్నారు, పొద్దున్నే లోయ చూస్తూ పాకెట్టు పొడి కలిపిన వేడినీళ్లు తాగుతున్నారు. మంచి కాఫీ ఇస్తే కొంటారని నాకు అనిపించింది. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు అమ్మ నెత్తి కొట్టుకుంది. నాయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం ఎంత మంట పుట్టిస్తుందో ఆయనతో బతికినవాళ్లకే తెలుసు.

నేను అమ్మాలనుకున్నది సింగిల్ ఆరిజిన్ కాఫీ, అదేమీ పెద్ద బ్రహ్మపదార్థం కాదు. ఒక కొండ, ఒక తోట, ఒక పంట. పక్కవాడి గింజ అందులో కలవకూడదు, అంతే. మా శనగల్లో పొరుగూరి శనగలు కలిపితే ఊరుకుంటామా? కానీ కాఫీ దగ్గరికి వచ్చేసరికి అందరికీ అన్నీ ఒకటే. గింజల కోసం మన్యంలోని పాడేరు సంతకు పోయి, అక్కడ దళారిని "ఈ బస్తా ఎవరి తోటది?" అని అడిగితే నవ్వాడు. "అన్నీ ఒకటేనమ్మా, కలిపేస్తాం" అన్నాడు. వాడి నవ్వుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడితో మాట్లాడటం మానేసి, జీపెక్కి, ఆ పైన నడిచి కొండ మీదికే పోయాను.

అక్కడ మూడు తోటల గింజ చూశాను. ఒకే కొండ, మూడు రకాల గింజ. ఒకాయన నేల మీద ఆరబోస్తాడు, పచ్చిగింజ ముక్కు దగ్గర పెడితే తడి గోనె వాసన. ఇంకొకాయన పండూ కాయా కలిపి దూసేస్తాడు, అరచేతిలో పోసుకుంటే ఒక్కో గింజా ఒక్కో రంగు. మూడో తోట ఒక ఆలుమగలది. పనస చెట్ల నీడ, చెట్లకు మిరియాల తీగలు, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే వాలు. ఎర్రగా పండినవే గిల్లుతారు, నేలకు తగలకుండా మంచె మీద వల పరిచి ఎండబెడతారు. ఆ గింజ బూడిద కలిసిన పచ్చరంగులో ఉంది, కొరికితే ఎండుగడ్డి వాసన. వాళ్లింట్లోనే మట్టిపెంకులో కొంచెం వేయించి, దంచి, మరిగించి ఇచ్చింది ఆమె. మొదటి గుక్కలో నారింజ తొక్క గిల్లినప్పటి వాసన. పులుపు. చల్లారేకొద్దీ బెల్లం. ఇదే కావాలని అక్కడికక్కడే చెప్పేశాను.

ఇంటికి తెచ్చాక మొదలైంది అసలు యుద్ధం. వాకిట్లో పొయ్యి, దాని మీద ఇనప మూకుడు. మొదటి విడత మాడిపోయింది. రెండో విడత పైన నలుపు, లోపల పచ్చి. గింజ చిటపటమన్నాక ఎన్ని క్షణాలు ఆగాలో ఎవరూ నేర్పలేదు, చెవి పెట్టి వినీ వినీ నేర్చుకున్నాను. పొగకు అమ్మ దగ్గింది, తిట్టింది. ఒకసారి విసుగుతో మూకుడును ఒట్టి చేత్తో పట్టేశాను, కుడి అరచేయి బొబ్బ లేచింది. ఇదంతా మా నాయన మంచం ముందరే. ఆయన అటు తిరిగి పడుకుంటాడు, లేదంటే కాలు మీద కాలేసుకుని చూస్తాడు.

బస్టాండు దగ్గర టీ కొట్టు పెట్టుకున్న మా చిన్నాయనకైతే నేను మంచి కాలక్షేపం. దారిన పోతూ పోతూ అరుస్తాడు. "ఏమ్మే, చింతగింజలు వేయిస్తాండావా? మాకూ రొన్ని పెట్టు, నమల్తాం!"

చివరికి గింజ కుదిరింది. సమంగా గోధుమరంగు తిరిగింది, నూనె బయటికి రాలేదు, నేను కొండ మీద తాగిన రుచే దిగింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున నాయనకు ఒక గ్లాసు. పాలు లేవు, చికోరీ లేదు. అమ్మ పక్కనే చక్కెర డబ్బా పెట్టేది. నేను గ్లాసు పెట్టి విసవిసా వెళ్లిపోయేదాన్ని. ఆయన ఆ డబ్బా వైపు చేయి చాచడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు. గుడారాల వాళ్లు మెచ్చుకుని కొంటున్నారు, నా ఇంట్లో నాకు దిక్కు లేదు.

అందుకే కోత పండగకు అర కేజీ గింజలు పెట్టాలని నిర్ణయించుకున్నాను. నేత చీర ముక్కతో సంచి కుట్టాను. అమ్మ అడ్డం పడింది.

"చేన్లో పండింది పెడ్తారు మే గుడిలో, కొనుక్కొచ్చింది కాదు."

"రైతుకు చేను, నాకు మూకుడు. నా కష్టం కష్టం కాదా?" అన్నాను.

నాకు కావలసింది ఒకటే. మా నాయన ఆ సంచి చేతిలోకి తీసుకుని, ఊరందరి ముందూ, గుమ్మడికాయకు చెప్పినట్టు దానికీ నాలుగు మాటలు చెప్పాలి. ఆయన చెప్తే అది పంట. చెప్పకపోతే నేను చింతగింజలు వేయించుకునే పిచ్చిదాన్ని.

ఆ ఆదివారం గుడి నిండింది. మగవాళ్లు ఒక పక్క, మేము ఒక పక్క జంఖానాల మీద. కొర్రలకు చెప్పాడు, గుమ్మడికాయకు చెప్పాడు, నిమ్మకాయలకు చెప్పాడు, ముసలామె తెచ్చిన మునక్కాయల కట్టకు కూడా చెప్పాడు. ఆ మునగచెట్టు ఎవరి గోడ మీద వాలిందో, దాని మీద ఎంత కొట్లాట జరిగిందో అంతా చెప్పాడు. జనం నవ్వుతున్నారు. తర్వాత నా సంచి తీశాడు.

"కాఫీ గింజలు. అర కేజీ. ఎవరికన్నా కావల్నా?"

అంతే. సంచి మూతి కూడా విప్పలేదు. గుడిలో ఎవరూ కదల్లేదు. చిన్నాయన వెనకనుంచి ఏదో చిల్లర ధరకు పాట పాడాడు, పిల్లలకు ఆడుకోవడానికి పనికొస్తాయన్నాడు. నవ్వులు. నాయన "ఒకటోసారి" అన్నాడు, "రెండోసారి" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. మా గుడిలో ఆడవాళ్లు కీర్తన పాడటానికి తప్ప లేవరు.

"మునక్కాయలకు అంత చెప్తివే నాయనా, దీనికి నోరు రాలేదా?"

అయ్యగారు "కూర్చోమ్మా" అన్నాడు. నేను కూర్చోలేదు. నాయన నా వైపు నిదానంగా చూశాడు.

"నేను చూడని చేను గురించి దేవుని గుడిలో ఏం చెప్పల్ల మే? అబద్ధం చెప్పమంటావా?"

"చేను చూడలా, సరే. నేను చూస్తి గదా, నన్ను అడగొచ్చు. పోనీ అది గూడా వద్దు. నన్ను చూడలేదా? నీ మంచం ముందర్నే గదా వేయిస్తాండా! నేను కనపడలేదా నీకు?"

నా గొంతు పెంకులదాకా పోయింది. అమ్మ నా కొంగు పట్టి లాగింది. నాయన "మూడోసారి" అన్నాడు. సంచి చిన్నాయన చేతికి పోయింది.

కూర్చున్నాను. తర్వాత వచ్చిన పుంజుకు ఆయన దాని తాత దగ్గరనుంచీ చెప్పాడు. అది ఎవరింటి పెట్టకు పుట్టిందో, ఏ కుక్క దాని తోక పీకిందో. ప్రతి మాటా నన్ను గిల్లినట్టే ఉంది. కోడికి ఉన్నపాటి విలువ నాకు లేదని ఊరంతా చూసింది కదా అని పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. గుడారాల వాళ్లకే అమ్ముకుంటాను, ఈ ఇంట్లో ఎవరికీ ఇక గ్లాసు పెట్టను అనుకున్నాను.

బల్ల ఖాళీ అయింది. అప్పుడు చిన్నాయన లేచి వచ్చి సంచి మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"నాకొద్దన్నా. ఆ పాప నన్ను చూసే చూపుకు నా పాలు ఇరిగిపోతాయి. మళ్లా వేలం వెయ్యి."

అందరూ నవ్వారు. మా నాయన నవ్వలేదు. సంచి మూతి విప్పాడు. గుప్పెడు గింజలు తీసి వాసన చూశాడు. శనగలను కొరికినట్టు ఒక గింజను కొరికాడు. కాసేపు నమిలాడు.

"ఈ గింజ పండిన కొండ నేను చూడలా. ఆడి వాన నాకు తెల్దు. తెలిసిందే చెప్తా. వేయించింది నా కూతురు. మొదుట్లో శానా మాడబెట్టినాది. పెంటదిబ్బలో పారబోస్తే మా కోళ్లు గూడా ముట్టలా."

గుడి గొల్లుమంది. నాకు లేచి పోవాలనిపించింది.

"ఈమెకు ముక్కు మీద కోపం, మీరే చూస్తిరి గదా. ఆ కోపంతోనే మూకుడు పట్టుకుని చేయి కాల్చుకున్యాది. కుడి చేయి. మచ్చ ఇంకా ఉండాది. అయినా మర్సనాడు ఎడమ చేత్తో వేయించినాది. నేను చూసినా."

నవ్వులు తగ్గాయి. ఆయన గొంతు మాత్రం గుమ్మడికాయకు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"మొదటి గుక్క పుల్లగా ఉంటాది. చెడిపోయినాది అనుకోవాకండి. పాలు పోయొద్దు, పోస్తే దీని గుణం పోతాది. రొంతసేపు చల్లారనియ్యండి. అడుక్కు పోయేకొద్దీ తీపి వస్తాది. నేను చక్కెర ఏసుకునేది మానుకుని శానా దినాలాయ. పాడండప్పా."

నేను తల ఎత్తలేదు. చక్కెర మానేసిన సంగతి ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలియదు. అమ్మ వైపు చూస్తే ఆమె జంఖానా అంచు సరిచేసుకుంటోంది.

పాట ధర గుమ్మడికాయ దాకా కూడా పోలేదు. మునక్కాయలకంటే కొంచెం నయం, అంతే. పాడుకున్నది మళ్లీ చిన్నాయనే. ఈసారి సంచిని చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు.

ఇంటికి నడుస్తుంటే నేను ఊరుకోలేదు. "ఇన్ని దినాలు ఇంట్లో ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోతుండె?" అన్నాను. ఊరంతా విన్నాక నేను వినాలా, కోళ్లు ముట్టలేదని చెప్పడం అవసరమా, నా కోపం గుడిలో చాటాలా, ఇంకా చాలా అన్నాను. ఆయన మా చేను మలుపు దగ్గర ఆగి, చెప్పులోంచి రాయి దులుపుకున్నాడు.

"ఆ కొండకు బస్సు యాడిదాకా పోతాది మే?"

"నీకెందుకు? నీ మోకాళ్లకు ఆ కొండ ఎక్కేది కాదు."

"చేను చూడకుండా వచ్చే పండక్కు ఏం చెప్పల్ల?" అన్నాడు, అదేదో నేను ఆయన పనికి అడ్డం పడుతున్నట్టు.

నేను కోపంగానే ముందు నడిచాను, ఏడుపు ఆయనకు కనబడకూడదని.