సారు అడిగిన రేవతి

ఇంటర్లో మాకు లెక్కలు చెప్పిన సారు పోయారని శుక్రవారం పొద్దున తెలిసింది. చిత్తూరులో, తన ఇంట్లోనే, నిద్రలో. తిరుపతిలో ఆఫీసుకు బయలుదేరుతూ అప్పుడే చెప్పులు వేసుకున్నాను. అటునుంచి అటే బస్టాండుకు పోయి చిత్తూరు బస్సెక్కాను. దారిలో ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకో మీకు చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

సారుకు ఒక అలవాటుండేది. ఇంజనీరింగు కౌన్సెలింగులో కాలేజీలు ఎంచుకునే ముందు, అడిగిన పిల్లలను ఆదివారం పూట బస్సులో తీసుకెళ్ళి ఆ కాలేజీ చూపించేవారు. ఆదివారమే ఎందుకు సార్ అంటే, "పని దినాల్లో అన్ని కాలేజీలూ కళకళలాడతాయి. సెలవునాడు ఆడ మిగిలిన పిల్లోళ్ళు ఏం చేస్తా ఉండారో సూడాల" అనేవారు. గేటు బయట టిఫిను బండి ఉందా, బస్సు ఎంతసేపటికొకటి వస్తుంది, ఆడపిల్లలు ధైర్యంగా నడిచి తిరుగుతున్నారా, అవే చూసేవారు. భవనాల వంక కన్నెత్తి చూసేవారు కాదు. జేబులో కాగితం చుట్టిన సుద్దముక్క ఎప్పుడూ ఉండేది. ముందు సీటు వీపు మీద లెక్క వేసి చూపించి, కండక్టరు చేత మాట పడేవారు.

నాకు రెండు కాలేజీలు తేలాయి. ఒకటి తిరుపతి ఊళ్ళో, పాత కట్టడం. రెండోది రేణిగుంట అవతల హైవే మీద, ముందరంతా అద్దాలు. నా మనసు అద్దాల మీదే. సారు అక్కడికీ తీసుకెళ్ళి గేటు బయట నిలబడి, "నువ్వు మాట్లాడే పిల్లవి కాదు. మాట్లాడని పిల్లకి చుట్టూ ఊరుండాల తల్లీ. ఈడ లారీలు తప్ప ఏముండాది?" అన్నారు. నేను మొండికేశాను. చివరికి ఆయన ఒక షరతు పెట్టారు. నేనొక్కదాన్నే లోపలికి పోయి, ఎవరితోనైనా మాట్లాడి రావాలి. "ఒక్క మనిషి దొరికితే సాలు. నేను అడ్డం సెప్పను."

గంటన్నర సేపు క్యాంటీను మెట్ల మీద కూర్చున్నాను. ఒక్కరి దగ్గరా నోరు పెగల్లేదు. బయటికొస్తుంటే రోడ్డు మీద శ్రీకాళహస్తి బస్సు పోతోంది. "రేవతి అని, శ్రీకాళహస్తి అమ్మాయి సార్. బాగా మాట్లాడింది" అన్నాను. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. నాది ఎంత బాగా అతికిందంటే, సారు ముఖం వెలిగిపోయింది.

"అన్నం కాడ నీ కోసరం ఒకరు కనిపెట్టుకోని ఉంటే అదే మంచి కాలేజీ. నీకు దొరికింది, ఇంక భయంలేదు" అన్నారు.

నాలుగేళ్ళు అక్కడే చదివాను. శనివారం మధ్యాహ్నానికి హాస్టలు ఖాళీ అయ్యేది. చెన్నై వాళ్ళు చెన్నైకి, నెల్లూరు వాళ్ళు నెల్లూరుకి. మా ఇల్లు కుప్పం దగ్గర పల్లె, ఒక్కరోజుకు పోయి రావడం కుదిరేది కాదు. మిగిలిన కొద్దిమందీ వాళ్ళ వాళ్ళ గుంపుల్లో ఉండేవారు. గేటు దాటితే హైవే, ఎండ. ఆదివారం మెస్సులో పొడుగాటి బల్ల దగ్గర ఒక్కదాన్నే తినేదాన్ని. చాలా ఒంటరిగా ఉండేది. సారు చెప్పిందే నిజమైంది, ఆ మాట ఆయనతోనే అనలేకపోయాను.

ఆయన ఫోను చేసేవారు. "రేవతి ఎట్టుండాది?" అనేదే మొదటి ప్రశ్న. నేను రేవతికి జ్వరం తెప్పించాను, తగ్గించాను, వాళ్ళ అక్కకు పెళ్ళి చేశాను. ఒకసారి చెనక్కాయ ఉండలు రెండు డబ్బాలు పంపారు, ఒకటి నాకు, ఒకటి రేవతికి. రెండూ నేనే తిన్నాను. రెండోది తింటున్నప్పుడు మాత్రం ఏడ్చాను. నా కోసం ఒక ఆదివారమంతా పోగొట్టుకున్న మనిషి మరొకరు లేరు. అలాంటాయనకు, మీరు చెప్పినా వినలేదు సార్ అని ఏ మొహంతో చెప్పను? ఉద్యోగం వచ్చాక మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. మూడుసార్లూ కాఫీ తాగి వచ్చేశాను.

మధ్యాహ్నానికి చిత్తూరు చేరాను. ఆయనను వరండాలో పడుకోబెట్టారు. కాళ్ళకు దండం పెట్టుకున్నాను. సారు భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. తర్వాత మెల్లగా, "ఆ పిల్లకి చెప్పినావా? రేవతికి? మొన్న గూడా అడిగినారు మీ సారు, యాడుండాదో ఏమో అని. ఫోను చెయ్యి తల్లీ. పాపం, కడసారి చూసుకుంటాది" అన్నారు.

"చేస్తానమ్మా" అని లేచి వీధిలోకి వచ్చాను. ఆమె వరండాలోంచి నావైపే చూస్తున్నారు. ఎవరికీ చెయ్యని ఫోనును చెవికి ఆనించుకుని, ఎండలో చాలాసేపు అలాగే నిలబడ్డాను.