తిమ్మప్ప నోట రాని మాట

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్ తిమ్మప్పకు యాభై రెండేళ్లు. ఆయన నోట రాని మాట ఒకటే: "తెల్దు". ట్రాక్టరు గురించి అడిగితే తెలుసు. మిక్సీ గురించి అడిగితే తెలుసు. వాన ఎప్పుడొస్తుందో తెలుసు. తలుపుల ఊరికి బస్సు ఎన్నింటికో కూడా తెలుసు. ఆయన మాట నమ్మి ఆ బస్సు కోసం నిలబడినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారేమో!

పాపం, దీనికో కారణం ఉంది. పద్నాలుగేళ్ల వయసులో ధర్మవరంలో పనికి చేరిన కొత్తలో మేస్త్రీ ఏదో అడిగాడు. తిమ్మప్ప ఉన్నదున్నట్టు తెల్దన్నాడు. మేస్త్రీ చేతిలోని పానాతో నెత్తిన ఒకటిచ్చాడు. బొప్పి వారానికి తగ్గింది. ఆ మాట మాత్రం లోపలికి పోయి మళ్లీ బయటికి రాలేదు.

ఒక సోమవారం ధర్మవరం నుంచి మాధవీలత వచ్చింది. పట్టుచీరలకు డిజైన్లు గీస్తుంది. వారమంతా మగ్గాల మధ్య గడిపి, ఆదివారం వస్తే మట్టి ట్రాక్ మీద కారు పందేలకు పోతుంది. ఆమె ఎర్ర కారు చిన్నదే గానీ ఇంజను గట్టిది. ఆ రోజు ఆమె చేతిలో బరువైన అట్టపెట్టె ఒకటుంది.

"తిమ్మప్పన్నా, ఇది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. ఆదివారం పెనుకొండ కాడ పందెముండాది. అంతలోపల బిగించిస్తావా? ఈ పని తెలుసా నీకు?"

"తెలుసమ్మా. ఇట్లాంటివి ఎన్ని బిగించలేదు!"

బిగించే మాట అటుంచి, దాన్ని కంటితో చూడటం అదే మొదలు.

డిఫరెన్షియల్ అంటే ఇంజను బలాన్ని రెండు ముందు చక్రాలకూ పంచేది. మామూలుదానికి ఒక పాడు గుణముంది. మలుపులో లోపలి చక్రం తేలికై మట్టిలో ఊరికే గిరగిరా తిరిగిందంటే బలమంతా దానికే పోస్తుంది. నేలను పట్టుకుని పనిచేయగల చక్రానికి ఏమీ మిగలదు. కొన్ని ఇళ్లలో కొడుకులకు పంచినట్టే. కొత్తది అలా కాదు. జారేదాన్ని అదుపులో పెట్టి, రెండోదానికీ దాని వాటా ఇస్తుంది. ట్రాక్టరు బురదలో దిగబడితే తొక్కే లాకుకు ఇది తమ్ముడని తిమ్మప్ప చూడగానే పట్టేశాడు. పనిమంతుడే, అందులో అనుమానం లేదు. కానీ పెట్టెతో వచ్చిన కాగితాన్ని మాధవీలత ఇవ్వబోతే, "నీ కాడే పెట్టుకోమ్మా, చదివి పనిచేసేటోళ్లు వేరే ఉంటారు" అని తిరిగిచ్చేశాడు.

మంగళవారం సాయంత్రానికి గేరుబాక్సు దించి, కొత్తది బిగించి, మళ్లీ ఎక్కించాడు. షెడ్డు ముందర కారును మెల్లగా మలిపాడు. కటకట. ఎవరో నిద్రలో పళ్లు కొరుకుతున్నట్టు శబ్దం. తిన్నగా పోతే లేదు. మలిపితే మళ్లీ కటకట.

"ఏమప్పా, ఏందా శబ్దం?" అన్నాడు ఎదురుగా టీ అంగడి యల్లప్ప.

"అది రావల్లబ్బా. అట్లొస్తేనే మంచిది," అన్నాడు తిమ్మప్ప. పచ్చి అబద్ధం.

బుధవారం గేరుబాక్సు మళ్లీ దించాడు. బేరింగులన్నీ చూశాడు, బాగానే ఉన్నాయి. ఎక్కించాడు. కటకట. గురువారం మళ్లీ దించాడు. ఆ మధ్యలో మాధవీలత ఫోన్ చేసింది.

"ఎంతవరకొచ్చిందన్నా?"

"అయిపోయిందమ్మా, తుడుస్తాండా," అన్నాడు, నేలమీద విడివిడిగా పడున్న గేరుబాక్సును చూస్తూ.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య మారెమ్మ ఊరుకోలేదు. "మూడు దినాలాయె, ఇప్పేది, ఎక్కించేది! యాడన్నా ఎవురినన్నా అడగరాదా?"

"అడిగేదేముండాది? తెలుసులే."

"తెలిసే ఇట్లుంటే, తెలీకుంటే ఎట్లుంటావో," అని ఆమె క్యారియర్ అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రానికి గేరుబాక్సు ఎక్కింది. కటకట పోలేదు.

శుక్రవారం పొద్దున్నే మాధవీలత దిగింది. "ఈపొద్దే ట్రాక్ మీద పది సుట్లు కొట్టి చూస్తానన్నా. నువ్వు చేసినావంటే నాకేం బెదురు లేదు," అంటూ కారెక్కి బెల్టు పెట్టుకుంది.

బెదురు లేదన్న ఆ మాటకే తిమ్మప్పకు బెదురు పుట్టింది. ఆ స్పీడులో, ఆ మలుపులో, చక్రం పట్టేస్తే? కారు పల్టీ కొడితే? తన పేరు నిలబెట్టుకోవడానికి ఈ పిల్లను పంపిస్తున్నానా అనిపించి ఆయనకు తనమీద తనకే అసహ్యం వేసింది. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి లాగేశాడు.

"దిగమ్మా."

"ఏమైందన్నా?"

"మలిపితే కటకటమంటాది. మూడు దినాలుగా ఇప్పి చూస్తాండా. ఎందుకో నాకు..." ఎదురంగట్లో యల్లప్ప గ్లాసులు కడగడం ఆపేశాడు. "నాకు తెల్దు."

అనేసి, నెత్తిన పానా పడుతుందేమోనన్నట్టు మెడ లోపలికి ముడుచుకున్నాడు.

మాధవీలత నవ్వింది. సంచిలోంచి కాగితం తీసింది. "ఇదో, రాసుండాది చూడన్నా. లోపల ప్లేట్లు ఒకదానికొకటి రాసుకుంటాయంట. మెల్లగా మలిపితే కటకటమంటాయి, అది దాని గుణమే, బెదరొద్దండని రాసినారు. సరిగ్గానే బిగించినావు."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"శబ్దమొస్తాందని నువ్వు చెప్తివా? కాగితం వద్దంటివి. తుడుస్తాండా అంటివి."

"నాకు మంగళవారమే చెప్పినాడమ్మా, అది వస్తేనే మంచిదని!" అని అరిచాడు యల్లప్ప.

మూడు రోజుల్లో తాను చెప్పిన ఒకే ఒక్క నిజం, అబద్ధమనుకుని చెప్పిందేనా! తిమ్మప్పకు మొదట సిగ్గేసింది, తర్వాత ఒళ్లుమండింది, ఆ తర్వాత నవ్వు ఆగలేదు. నెత్తిన పానా పడలేదు. ఆకాశమూ విరిగి పడలేదు. ముప్పై ఎనిమిదేళ్లు దేనికి భయపడ్డానో అర్థంకాక, యల్లప్ప ఇచ్చిన టీ రెండు గుక్కల్లో తాగేశాడు.

ఆదివారం పెనుకొండ దగ్గర, పోయినేడు చక్రం ఊరికే తిరిగి ఆగిపోయిన మలుపులోనే, ఎర్ర కారు రెండు చక్రాలతో మట్టిని కరుచుకుని దూసుకుపోయింది. రెండో బహుమతి వచ్చింది. తిమ్మప్ప గొంతు పోయేదాకా అరిచాడు.

పందెం అయ్యాక కారు మెల్లగా మలుపు తిరుగుతుంటే అందరికీ వినబడింది, కటకట. కొత్తచెరువు మెకానిక్ గంగప్పకు తిమ్మప్పంటే మొదటినుంచీ గిట్టదు. సంతోషం దాచుకోలేక దగ్గరికొచ్చాడు.

"ఏందప్పా ఆ శబ్దం? ఎందుకొస్తాదో తెలుసా నీకు?"

"తెలుసు," అన్నాడు తిమ్మప్ప, బొంగురుపోయిన గొంతుతో. "శుక్రవారం నుంచి."