ఆఖరి గడిలో మనవాళ్లు

నేనుంటున్న ఇంటి కింది వాటా అంకుల్ మొన్న మంగళవారం పొద్దున పోయారు. రాత్రి ఆసుపత్రిలో చేర్చారని తెలుసు. పాల ప్యాకెట్లు పట్టుకుని గేటు తీస్తుంటే ఎదురింటి పంజాబీ ఆవిడ బాల్కనీలోంచి మెల్లగా చెప్పింది, "బేటీ, అంకుల్ నహీ రహే" అని. చేతిలో ఉన్న రెండు ప్యాకెట్లలో ఒకటి ఆయన కాఫీకే.

కరోల్ బాగ్‌లో ఆ ఇంటి డాబా మీది గదిలో మూడేళ్లుగా ఉంటున్నాను, సివిల్స్ చదువు కోసం. అంకుల్‌ది గుంటూరు వైపు. ఢిల్లీలోనే ఇంజనీరుగా రిటైరయ్యారు. వయసులో ఉండగా కొన్నాళ్లు శిక్షణకని అమెరికా పంపితే, అక్కడ గది అద్దెకిచ్చిన ముసలాయన ఆదివారాలు ఆయన్ని బేస్‌బాల్‌కి తీసుకెళ్లేవాడట. క్రికెట్‌కి దూరపు చుట్టంలాంటి ఆట. అంకుల్ తిరిగొచ్చేశారు గానీ ఆ ఊరి జట్టుని వదల్లేకపోయారు. అది కప్పు గెలవడం ఆయన ఒక్కసారీ చూడలేదు. ఏళ్ల తరబడి అట్టడుగున పడి ఉన్న జట్టు ఈ మధ్యే పైకి రావడం మొదలుపెట్టింది. వచ్చి ఓడిపోతోంది. దాన్ని ఆయన "మనవాళ్లు" అనేవారు.

ఇక్కడ రామ్‌లీలా పందిళ్లు లేచే రోజుల్లో అక్కడ చివరి ఎనిమిది జట్ల పోటీలు మొదలవుతాయి. అంకుల్ ఇటుకముక్క పట్టుకుని పైకొచ్చి నా గది ముందు పిట్టగోడ మీద గళ్లు గీసేవారు. ఎనిమిది, పక్కన నాలుగు, తర్వాత రెండు, చివర ఒకటి. ఎవరు ఎవర్ని కొడతారో ముందే రాసేసేవారు. మనవాళ్లని మాత్రం మొదటి వరుసలోనే కొట్టేసేవారు. దీపావళికి సున్నం వేసేదాకా ఆ జోస్యం గోడ మీదే ఉండేది.

"మీ జట్టే కదంకుల్, కాస్త ముందుకి పంపొచ్చుగా" అన్నాను మొదటేడు.

"ఓడిపోయే పని నేను చేసేశానమ్మడూ. ఇంక వాళ్లకి గెలవడమే మిగిలింది" అన్నారు, చేతికంటిన ఇటుకపొడి దులుపుకుంటూ.

ఆటలు మనకి తెల్లవారుజామున వచ్చేవి. కేబుల్ వాడు దయతలిస్తే కింద టీవీ వెలిగేది, నేనూ దిగేదాన్ని. ఓడతారని గోడ మీద రాసిన మనిషి కుర్చీ అంచున కూర్చుని, కాలివేళ్లతో చెప్పుల్ని పట్టి నొక్కేవారు. మనవాళ్ల చేతిలో బ్యాటు ఉన్నంతసేపూ కాఫీ ముట్టేవారు కాదు. అది చల్లారి మీగడ కట్టేది. ఆంటీ విసుక్కుంటూ మళ్లీ వేడిచేసేది.

అన్నిటికీ అదే జోస్యం. ధౌలా కువాన్ బస్సు రాదులే అనేవారు, అని నేను ఎక్కేదాకా గేటు దగ్గరే నిలబడేవారు. పరీక్షకి వెళ్తుంటే "ఈసారి కష్టమేనమ్మడూ" అనేవారు. నాకు ఒళ్లు మండేది. నోటమ్మట ఒక్క మంచిమాట రాదా అని ఆంటీ తిట్టేది. కానీ హాల్లో ప్రశ్నపత్రం చేతికొచ్చాక ఆ మాటే నా భుజాల మీది బరువు దించేది. ఓడిపోయే పని ఒకరు చేసేశారు కదా అని. ఆయన జోస్యం ప్రతిసారీ ఫలించింది, అది వేరే సంగతి. ఈ ఏడాదిది నాకు ఆఖరి అవకాశం.

ఈసారి అంకుల్ మెట్లెక్కలేకపోయారు. కిడ్నీలు పాడయ్యాయి. వాకిట్లో మంచం వేయించుకుని, నన్ను పైకి పంపి, కిందినుంచి చెబుతుంటే నేను గోడ మీద రాశాను. మొదటి వరుసలో మనవాళ్లని ఆయన కొట్టేయమనలేదు. మర్చిపోయారనుకున్నాను. రెండో వరుసలోనూ అనలేదు. పిట్టగోడ మీదినుంచి వంగి అడిగాను.

"ఆఖరి గడిలో ఎవరంకుల్?"

"మనవాళ్లే."

సరిగ్గా విన్నానో లేదోనని మళ్లీ అడిగాను.

"మనవాళ్లేనమ్మా. గెలుస్తారు. రాసెయ్."

వంటింట్లోంచి ఆంటీ సంతోషపడింది, ఇన్నేళ్లకి ఈయన నోట శుభం పలికిందని. ఆఖరి గడిలో మనవాళ్ల పేరు రాశాను. అడగకుండా ఉండాల్సింది, అడిగాను, "మరి నాకో అంకుల్?"

"నీకేం, వచ్చేస్తుంది."

కొట్టు కట్టేసే వేళ అడిగిన ధరకే ఇచ్చేసేవాడి గొంతది. ఆయన నా వైపు కూడా చూడలేదు.

మొదటి ఆట రోజున పడుకునే చూశారు. మనవాళ్లు బ్యాటు పట్టుకుని ఉండగానే కాఫీ వేడివేడిగా తాగేశారు. ఆంటీ ఖాళీ గ్లాసు నాకు చూపించి మురిసిపోయింది, ఒంట్లో నెమ్మదించినట్టుందే అని. నేను తల ఊపాను. రౌండుకి కొన్ని ఆటలుంటాయి; మొదటి రౌండు మనవాళ్లు గెలిచారు. రెండో రౌండు మధ్యలో ఆయన పోయారు.

ఆదివారం తెల్లవారుజామున కింద టీవీ చప్పుడు వినిపించి దిగాను. ఊరినుంచి వచ్చిన ఆడపడుచు మైలలో ఈ టీవీ ఏంటి వదినా అంటోంది. ఆ ఆట ఒక్క ముక్క తెలియని ఆంటీ, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని నన్నడిగింది.

"అమ్మాయ్, మనవాళ్లెవరు? తెల్లబట్టలా, బూడిదరంగా?"

"బూడిదరంగు ఆంటీ."

"గెలుస్తున్నారా?"

"ఇంకా ఆట ఉంది ఆంటీ" అన్నాను. ఎంతో లేదు. కాసేపటికి ఆ రౌండు ఓడి బూడిదరంగు బట్టలవాళ్లు తలలు దించుకుని వెళ్లిపోయారు. ఆంటీ అది చూసి, లేచి టీవీ కట్టేసింది.

నా పరీక్షలు వచ్చేవారం. ఆంటీ రోజూ నీకు తప్పకుండా వస్తుందే, ఆయన అన్నారుగా అంటోంది. మా అమ్మ ఫోన్లో అదే అంటోంది. రాదని చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఏడాదిపాటు ఇంట్లో పండగ లేదు కాబట్టి ఈసారి దీపావళికి సున్నం వేయించడం లేదు. పిట్టగోడ మీద తడిబట్టల నీళ్లు కారతాయని ఆంటీ బట్టల తీగ విప్పి డాబా అవతలి పక్కకి కట్టింది. రాత్రిళ్లు మంచు మొదలైంది. పొద్దున తలుపు తీసేసరికి ఆఖరి గడిలోని అక్షరాలు నిన్నటికంటే ఇంకొంచెం మసకబారి ఉంటున్నాయి.