హాలెండు దొర కొంగాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా విలువైనవి మా అన్న కాళ్ళు. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. గుంట మగ్గం మీద నేసే మనిషి గుంటలోకి కాళ్ళు వేలాడేసి కూర్చుని, పొద్దున్నుంచి దీపాలు పెట్టేవేళ దాకా అడుగునున్న చెక్కలు తొక్కుతూనే ఉండాలి. మా నాయనకు మోకాళ్ళు పట్టేసి తొక్కడం చేతకాకుండా పోయాక మా అన్న గుంటలోకి దిగాడు. అప్పటికింకా మీసం కూడా రాలేదు వాడికి. ఆనాటినుంచి మేం తినే సంగటి ముద్ద వాడి కాళ్ళలోంచే వచ్చేది. మా అవ్వ వాడి పాదాలకు ఆముదం రాసినంత శ్రద్ధగా దేవుడి పటానికి కూడా దణ్ణం పెట్టేది కాదు.

ఆ కాళ్ళ మీద ఇంకొకరి కన్ను పడింది. మిషన్ ఆసుపత్రి నర్సమ్మకు తమ్ముడు ఒకాయన హాలెండు దేశం నుంచి వచ్చి ఆమె దగ్గరే ఉండేవాడు. తన దేశంలో ఆయన ఫుట్‌బాల్ ఆటగాడట. అందరికన్నా ముందు నిలబడి గోల్ కొట్టేవాడట. కొట్టిన రోజున జనం భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించేవారట. మోకాలు చెడిపోయి తన ఆట ముగిశాక, పిల్లలకు ఆట నేర్పుతూ ఊరూరూ తిరిగి, చివరకు అక్క వెంట మా ఊరు చేరాడు. బడి పిల్లలతోపాటు మగ్గాల పిల్లలను కూడా సాయంత్రం పూట మైదానానికి పిలిచేవాడు. ఆసుపత్రి వంటమనిషి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు కాబట్టి ఆడా మగా తేడా లేకుండా అందరినీ ‘ఏమప్పా’ అనేవాడు. ఒకసారి మా అవ్వను కూడా, “ఏమప్పా, బాగుండావా?” అన్నాడు. “నన్ను పట్టుకుని అప్పా అంటాడే! వీనికి కాలొకటే గాదు, కండ్లు గూడా పోయినట్లుండాది” అని అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ దొర ఒకరోజు మా గుంటలోకి వంగి చాలాసేపు చూసి, “ఈ కాళ్ళు నాకియ్యప్పా, సాయంత్రం ఒక గంట” అని మా నాయనను అడిగాడు. మా నాయన ఆలోచించి ఒప్పుకున్నాడు. “ఇస్తా దొరా. కాలికి దెబ్బ తగిలిన దినమే ఆట బంద్. మల్లా అడగొద్దు” అన్నాడు.

అలా మొదలైంది. మా అన్న ముందు వరసలో ఆడేవాడు, దొర తన పడుచుతనంలో నిలబడిన చోటే. హిందూపురం జట్టుతో పెనుకొండలో పోటీ అని తెలిసినప్పటినుంచి వాడు నిద్రలో కూడా కాళ్ళు విసిరేవాడు.

పోటీకి కొద్దిరోజుల ముందు పెరట్లో రంగు తొట్టి వెనక వాడు ఒంటరిగా కూర్చుని ఉంటే చూశాను. మోకాలు టెంకాయంత వాచింది. “నాయనకు చెప్పినావంటే అవ్వ మీద ఒట్టు” అన్నాడు. అవ్వ చచ్చిపోతుందని భయం, చెప్పకపోతే వాడి కాలు పోతుందని భయం. పదేళ్ళ పిల్లను, ఆ రెండు భయాల మధ్య ఆముదపు ఆకు వెచ్చజేసి కట్టడం తప్ప నాకేం తోచలేదు.

మరునాడు మగ్గం చప్పుడు మారింది. ఎప్పుడూ ఒకే తాళంలో పడే దెబ్బ ఇప్పుడు ఒకటి గట్టిగా, ఒకటి ఆలస్యంగా పడుతోంది. మగ్గం కుంటుతోంది. వంటింట్లో రాగులు చెరుగుతున్న నేను ప్రతి దెబ్బకూ చేట ఆపి వింటున్నాను. నాయన వింటే ఎట్లా అనుకుంటూ ఉండగానే ఆయన విన్నాడు. లేచి వచ్చి, మా అన్నను పక్కకు జరగమని, గుంటలోకి వంగి చెక్కల తాళ్ళు బిగించాడు. “తాడు వదులైంటే చెప్పల్ల గదరా” అని వెళ్ళిపోయాడు. బిగించిన చెక్క ఇంకా బరువైంది. మా అన్న పెదవి కొరుక్కుంటూ తొక్కాడు. వాడి చెమట చుక్క చీర మీద పడకుండా నేను పక్కన గుడ్డ పట్టుకుని నిలబడ్డాను.

పోటీ రోజున నాయన నన్ను వెంటబెట్టుకుని, నేసిన చీరలు హిందూపురం షావుకారుకు ఇచ్చి, కొత్త పట్టు మూట తీసుకుని, వచ్చేదారిలో పెనుకొండలో రైలు దిగాడు. కొడుకు ఆట చూడాలని ఆయన మొదటిసారి ముచ్చటపడ్డాడు. నేను మాత్రం మూటను గట్టిగా పట్టుకుని వెనక నడిచాను. ఆ మూటలోని పట్టు చీరగా మారాలంటే ఎవరి కాళ్ళు కావాలో నాకు తెలుసు.

ఆట మొదలయ్యే ముందు దొర మా పిల్లలను వరసగా నిలబెట్టి కొంగాట ఆడించాడు. కొంగలా ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోవాలి. హిందూపురం పిల్లలు పడీపడీ నవ్వారు. “ఏమప్పా, కొంగల టీమా మీది? చేపలు పట్టేకి బుక్కపట్నం చెరువుకు పోండప్పా!” దొర పట్టించుకోలేదు. తానూ వరసలో నిలబడ్డాడు. ఎప్పుడూ మంచి కాలి మీద నిలబడేవాడు, ఆరోజు చెడ్డ కాలి మీద నిలబడి, అందరూ చూస్తుండగా దుమ్ములో దబ్బున కూలబడ్డాడు. నవ్వులు మిన్నంటాయి. ఆయన లేవలేదు. “నాకు ఈ కాలు నొప్పప్పా. నాతో ఇంకెవరు కూచుంటారు?” అని పక్కన నేలను తట్టాడు. ఎవరూ కదల్లేదు. “సరే, రెండో కాలు” అన్నాడు. అందరూ కాలు మార్చారు. మా అన్న మార్చలేదు. కాసేపు అలాగే నిలబడి, మెల్లగా వెళ్ళి దొర పక్కన కూర్చున్నాడు.

దొర ముందే కనిపెట్టి ఉంటాడని చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. పేరు పెట్టి అడిగి ఉంటే మా అన్న అబద్ధమే చెప్పేవాడు. వాడు సిగ్గుపడకుండా కూర్చోవడానికి, ముందు తాను పడి చోటు చేశాడు.

అన్న లేకుండా ఆడిన మా జట్టు ఓడిపోయింది. నేను ఆట చూడలేదు, మా నాయన ముఖమే చూశాను. ఆట అయ్యాక ఆయన లేచి మా అన్న వైపు నడిచాడు. వాడు రెండు చేతులతో మోకాలు దాచుకుని వెనక్కి జరిగాడు. నేను పట్టు మూటలో ముఖం దాచుకున్నాను. దొర మాటలు మాత్రం వినబడ్డాయి.

“కొట్టద్దప్పా. నాకు గూడా ఇట్లే వాచింది. చెప్తే ఆటలోంచి తీసేస్తారని భయం. గుడ్డ బిగించి కట్టుకుని ఆడినా. ఆ దినం గోలు గూడా కొట్టినా. అదే ఆఖరు గోలు.”

దెబ్బ చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు. తల ఎత్తేసరికి మా నాయన, అన్న చెయ్యి తన భుజం మీద వేసుకుంటున్నాడు. స్టేషన్ దాకా కుంటి నాయన, కుంటి కొడుకు, వెనక కుంటి దొర. కాళ్ళు సరిగ్గా ఉన్నది నాకొక్కదానికే, మూట మోసేది కూడా నేనే.

రైలు కదిలాక నాయన నోరు విప్పాడు. “చప్పుడు తప్పిందని విన్యా. చెక్క తాడే అనుకున్యా. నీ కాలనుకోలేదు.” అన్న మోకాలి వైపు చూస్తూ, “నొప్పంటే నాకు చెప్పల్ల గదరా. నేనేమన్నా పులినా?” అన్నాడు. అన్న కిటికీలోంచి చూశాడు. నేను మూట వైపు చూశాను. అదే జవాబని మా నాయనకు తెలిసిపోయింది. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేను మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

నర్సమ్మ కట్టు కట్టింది. అన్న కాలు కుదిరేదాకా నాయనే పట్టేసిన మోకాళ్ళతో గుంటలోకి దిగాడు. మగ్గం అంతకన్నా ఎక్కువ కుంటింది గానీ ఆగలేదు. మధ్యలో తలుపు వైపు తిరిగి, “అమ్మో, నొప్పి!” అని మాకు వినబడేలా అరిచేవాడు. అవ్వ విసుక్కునేది. మాకోసమే అరుస్తున్నాడని మా ఇద్దరికీ తెలుసు. రెండో ప్రపంచయుద్ధం వస్తూనే దొర బొంబాయి పోయి ఓడ ఎక్కాడు. మళ్ళీ కబురు లేదు. నర్సమ్మ నన్ను పట్టుబట్టి అనంతపురం కాలేజీ దాకా చదివించింది. మా అన్న ఇప్పటికీ ఆ కాళ్ళతోనే నేస్తున్నాడు. ఆదివారం మగ్గాల పిల్లలకు కొంగాట నేర్పుతున్నాడు.

ఇదంతా ఈ రాత్రి కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, ఇందాక నా నాలుగేళ్ళ కూతురికి దుప్పటి కప్పుతుంటే దాని మోకాలు కనబడింది. చర్మం లేచిపోయి, నెత్తురు ఎండిపోయి ఉంది. తానే నీళ్ళతో కడుక్కుని, గౌను కిందికి లాక్కుని, ఏమీ ఎరగనట్టు అన్నం తిని పడుకుంది. “ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగితే నిద్రమత్తులోనే, “నువ్వు భయపడతావని” అంది.

నేను దాన్ని ఎన్నడూ కొట్టలేదు. అది తుమ్మితే వణుకుతాను, మెట్టు ఎక్కితే అరుస్తాను, అంతే. పిల్లలు నొప్పి దాచుకోవడానికి పులి ఒక్కటే కారణం కానక్కర్లేదని నాకు ఇప్పుడు తెలిసింది. తెల్లవారాక దానికి కొంగాట నేర్పుతాను. దానికన్నా ముందు నేను పడతాను.