హేతా చిత్తడి పరుగులు

జులై చివరి సోమవారం, తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువగా ఉండగా హేతా యుంతునెన్ చక్రాల స్కీల మీద కిరాణా కొట్టులోకి వచ్చింది. బయటే ఆగాలని ఆమె ఉద్దేశం. చక్రాల స్కీలకు బ్రేకులుండవు. చర్చి దగ్గర్నుంచి కొట్టు దాకా రోడ్డంతా దిగుడు. కొట్టు తలుపేమో మనిషిని చూడగానే తనంతట తానే తెరుచుకునే రకం. రొట్టెల అరను కౌగిలించుకున్నాక గానీ ఆమె ఆగలేదు.

యజమాని తైస్తో కింద పడ్డ రొట్టెలు ఒక్కొక్కటే దులిపి పైన పెట్టాడు.

"ముందే వచ్చావే, మంచిది. చొక్కా మార్చుకో."

హేతాకు ఇరవై మూడేళ్లు. చలికాలమంతా మంచు మీద స్కీ పందేలు. మంచు కరిగాకే అసలు హడావిడి. వారానికి ఐదు రోజులు కొట్టులో కొలువు, మిగిలిన వేళ అడవీ, చెరువూ, బురదా. ఈసారి జిల్లా రిలే జట్టులో ఒక్క చోటు ఖాళీ ఉంది. అది కావాలంటే జులైలో యాభై గంటల సాధన చెయ్యాలని కోచ్ కైసు షరతు. ప్రతి పరుగూ గుండె వేగంతో సహా చేతి గడియారంలో నమోదై, పటంగా క్లబ్బు పేజీకెక్కాలి. గడియారంలో పడని చెమట కైసు దృష్టిలో చెమటే కాదు.

ఆ పేజీని ఊరంతా చూస్తుంది.

"అవునుగానీ హేతా, నిన్న హన్హి చిత్తడిలో రెండు గంటలు ఒక్కచోటే తిరిగావేం?" అన్నాడు తైస్తో, డబ్బాలు సర్దుతున్నట్టు నటిస్తూ. "పటంలో ఎర్రదారం ఉండ చుట్టినట్టుంది. ఏముందక్కడ?"

"దోమలు."

"దోమల కోసం రెండు గంటలా!"

నిజానికి అక్కడున్నది సైమి అత్త హిల్లా పళ్ల చోటు, బురద నేలల్లో అరుదుగా కాసే బంగారు రంగు పళ్లవి. ఈ ప్రాంతంలో మనిషి తన జీతం చెబుతాడు, జబ్బు చెబుతాడు, చిత్తడిలో హిల్లా కాసే చోటు మాత్రం చెప్పడు. అత్త నలభై ఏళ్లు మొగుడిక్కూడా చెప్పలేదు. ఆఖరి రోజుల్లో పాపం ఆయన మంచం మీంచి అడిగితే, "ఉత్తరం వైపు" అని ఊరుకుంది. ఈ ఏడు మోకాళ్లు మొరాయించి మేనకోడలి చెవిలో దారి చెప్పింది. హేతా బురదలో పరిగెత్తుకుంటూ వెళ్లి, ముందుగా పండినవి కోసి, పరిగెత్తుకుంటూ వచ్చింది. గడియారం ఆపడం మరిచింది. మిగతా పళ్లు మెత్తబడి బంగారు రంగు తిరగడానికి ఇంకో వారం పడుతుంది.

మధ్యాహ్నం అత్త ఫోను.

"ఏమే, నా చిత్తడికి పటం గీసి ఊరికి పంచావట! తీసెయ్ దాన్ని."

"ఇప్పుడు తీసేస్తే అదే అసలు చోటని చాటింపు వేసినట్టే అత్తా."

"అయితే చూస్తూ కూర్చోమంటావా?"

"నాకు వదిలెయ్. వారం తర్వాత బకెట్టు సిద్ధంగా పెట్టు."

అత్త పెట్టేయగానే కైసు ఫోను. "నిన్న రెండు గంటలు నీ గుండె చర్చిలో కూర్చున్నట్టు కొట్టుకుంది. వాటిని లెక్కలోంచి కొట్టేశాను. ముప్ఫై ఎనిమిదయ్యాయి. ఆదివారానికి ఇంకో పన్నెండు కావాలి. లేదా ఆ చోటు ఇంకో అమ్మాయికి ఇస్తాను."

హేతా కొట్టు గోడ మీది జిల్లా పటం దగ్గరికెళ్లి, హిల్లా ఎన్నడూ కాయని చిత్తళ్లు ఆరు ఏరుకుంది.

మంగళవారం నుంచి పొద్దున్నే ఆరింటికల్లా రోజుకో చిత్తడి. కాసేపు చుట్టూ పరుగు, తర్వాత నడిమధ్య ఒక్కచోటే మోకాళ్లు రొమ్ముకి తగిలేలా ఎగరడం. గడియారంలో మళ్లీ అదే ఎర్ర ఉండ. గురువారం చెరువు దాటి పడవలో వెళ్లింది, భుజాలకూ పని దొరికింది. శుక్రవారం ఒక బూటును చిత్తడి మింగేస్తే, తైస్తోని అడిగి అతని రబ్బరు బూట్లు తొడుక్కుని కొట్టులో చేపలు తూచింది. ఆ రాత్రి అడవిలో గుడిసె చూరు కింద పడుకుని, శనివారం కొంగల జంట అరుపుకి లేచి, నిప్పుల మీద సాసేజీ కాల్చుకు తిని అయిదో చిత్తడికి పరిగెత్తింది.

కొట్టుకొచ్చిన వాళ్లు పాలకంటే ముందు కబురడిగేవారు.

"రంపం మిల్లు వెనక చిత్తడి ఎలా ఉందమ్మా?"

"మెత్తగా ఉందండీ."

వారాంతానికి ఊళ్లో కార్లన్నీ కొత్త పటాల వెంట పడ్డాయి. హన్హి పటం పాతబడిపోయింది.

ఆదివారం కైసు స్వయంగా ఫోను చేసింది. "యాభై గంటల పది నిమిషాలు. ఆ ఎగరడం ఎవరు నేర్పారే నీకు? గుండె గుర్రంలా కొట్టుకుంది! జట్టు చొక్కాకి కొలతలు పంపు."

ఆ మధ్యాహ్నమే అత్త వాకిట్లో బంగారు రంగు పళ్లతో రెండు బకెట్లు దిగాయి.

"గడియారమేదే?"

"ఇంట్లోనే వదిలేశా."

"మరి ఈ చెమట?"

"ఇది నీ వాటా అత్తా."

సోమవారం కొట్టులో తైస్తో మెడ గోక్కుంటూ నిలబడి ఉన్నాడు. కౌంటరు కింద అతని బూట్లు తలకిందులుగా ఆరుతున్నాయి.

"నీ పటాలు పట్టుకుని ఆరు చిత్తళ్లూ తిరిగానే! బూట్ల నిండా నీళ్లు, వీపంతా దోమకాట్లు. ఒక్క పండు దొరికితే ఒట్టు!"

"నాకూ దొరకలేదు తైస్తో గారూ, గంటలే దొరికాయి."