నిద్రపోతున్న పిల్లాడికి టికెట్టు లేదు

మా ఇంట్లో పిల్లల్ని రైల్లో నిద్రపోనివ్వరు. స్టేషను వచ్చినప్పుడల్లా లేపాలి, పేరు చెప్పించాలి, గుక్కెడు నీళ్ళు తాగించాలి. నా చిన్నప్పుడు, కౌలాలంపూర్‌కి ఉత్తరాన ఉన్న ఈపో వెళ్ళిన ప్రతిసారీ అమ్మ నన్నలాగే లేపేది. అందరిళ్ళలోనూ ఇంతే కాబోలనుకునేదాన్ని. కాలేజీలో చేరాక స్నేహితురాళ్ళతో పినాంగ్ వెళుతూ, పక్కన నిద్రపోతున్న రూమ్మేట్‌ని ఆరుసార్లు లేపితే అది నన్ను తిట్టిన తిట్లకు అప్పుడు తెలిసింది, ఇది మా ఒక్కరి ఆచారమేనని. పెట్టింది మా మామ్మ, నాన్న వాళ్ళమ్మ. సుంగై సుమున్‌లో ఉంటుంది, ఎనభై దాటింది. తను రైలెక్కదు. మనం ఎక్కామని తెలిస్తే మాత్రం అరగంటకోసారి ఫోన్ చేస్తుంది, పిల్లల్ని లేపారా లేదా అని.

రెండు నెలల కిందట మా వదిన రెండేళ్ళ కొడుకుతో ఈపో నుంచి రైల్లో వస్తోంది. నాలుగో ఫోనుకి విసిగిపోయి, "మామ్మా, వీడికి రాత్రంతా జ్వరం. ఇప్పుడే కన్నంటుకుంది. లేపను గాక లేపను" అనేసింది. మామ్మ ఫోన్ పెట్టేసి ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది.

తనకు ఏడేళ్ళప్పుడు వాళ్ళు తాపా రోడ్ దగ్గర రబ్బరు ఎస్టేటులో ఉండేవారట. తమ్ముడికి రెండేళ్ళు నిండాయి. వాడికి జబ్బు చేస్తే, వాళ్ళమ్మ ఇద్దరినీ తీసుకుని రైల్లో తెలుక్ ఇంతాన్ ఆసుపత్రికి వెళ్ళింది. అప్పట్లో ఆ ఊరి పేరు తెలుక్ ఆన్సన్. మందిచ్చి పంపించేశారు. తిరుగు రైలు కోసం కూర్చున్నప్పుడు స్టేషను బెంచీ మీదే పిల్లాడు పోయాడు. తండ్రి ఎస్టేటులో పనిలో ఉన్నాడు. ఆయనకు ఆఖరిచూపు దక్కాలి. వాళ్ళమ్మ ఏడవలేదు. పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకుని రైలెక్కింది. టికెట్ చెకర్ వచ్చాడు. మామ్మ ముందే లేచి నిలబడి తమిళంలో చెప్పింది, తమ్ముడు నిద్రపోతున్నాడని. ఆయన దుప్పటి కొస ఎత్తి, పిల్లాడి పాదం మీద చెయ్యి పెట్టి, కాసేపలాగే ఉంచాడు. మళ్ళీ కప్పేసి, "తూంగట్టుం" అని వెళ్ళిపోయాడు. పడుకోనీ, అని.

"ఇన్నేళ్ళ బట్టి నా గుండెలో అదే ఉందే గుంటా" అంది మామ్మ ఫోన్‌లో. "శవానికి వేరే రేటుండేదని ఎస్టేటులో అందరూ అనేవోరు. మాయమ్మ సర్కారు కాడ దొంగతనం సేసినాదా? నానబద్ధమాడి సేయించినానా? నువ్వు సదువుకున్నావు గదా. ఆ సట్టమేటో సూసి నాకు సెప్పు. నాను పోయేలోగా సెప్పు."

సైబర్‌జయలో నా ఉద్యోగం ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. వెతకడమైతే వచ్చుకదా అని, కౌలాలంపూర్‌లో పాత చట్టాల సంపుటాలున్న ఒక గ్రంథాలయంలో రెండు శనివారాలు కూర్చున్నాను. దొరికింది. మూడో శనివారం ఆ పేజీల నకళ్ళు సంచిలో పెట్టుకుని బయలుదేరాను. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. సుంగై సుమున్‌కి మామూలుగా మేం కార్లోనే వెళతాం. ఈసారి మాత్రం తాపా రోడ్ దాకా రైల్లో వెళ్ళి, అక్కణ్ణించి ఒకప్పుడు తెలుక్ ఇంతాన్‌కి వెళ్ళిన ఆ పాత రైలుదారి వెంట పోదామనిపించింది.

సైబర్‌జయ వైపు నుంచి వచ్చేవాళ్ళకు పుత్రజయ సెంట్రల్‌లో ఎయిర్‌పోర్టు రైలెక్కడం తేలిక. ఇరవై నిమిషాల్లో కేఎల్ సెంట్రల్, పధ్నాలుగు రింగిట్లు. అక్కడ ఉత్తరం వెళ్ళే ఎలక్ట్రిక్ రైలు ఎనిమిది దాటాక ఎక్కాను. తాపా రోడ్‌కి రెండు గంటల లోపే, ముప్ఫై రింగిట్లకు కాస్త అటూ ఇటూ. కుడివైపు కిటికీ అడిగి తీసుకోండి, తంజుంగ్ మాలిం దాటాక కొండలు అటే కనిపిస్తాయి. నేను కొండలు చూడలేదు, నకళ్ళు తీసి మళ్ళీ చదివాను. చట్టం మొదట్లో ఆ తెలుక్ ఆన్సన్ లైను వేయడానికి అనుమతి, భూమి తీసుకునే అధికారం, వంతెనలు, గేట్లు. చివర్లో ఒక పట్టిక, దేనికి ఎంత వసూలు చేయొచ్చో. మూడు తరగతుల ప్రయాణికులు ముందు. ఆ కిందే మూడేళ్ళ లోపు పిల్లలకు ఏమీ లేదని ఒక్క ముక్క. పేజీ తిప్పితే జంతువులు. గుర్రం, పశువు, కుక్క. కుక్క తర్వాతి వరుసలో శవం. మూసిన పెట్టెలో ఉండాలి, డాక్టరు కాగితం ఉండాలి, విడిగా ఒక వ్యాగన్ తీసుకోవాలి, మైలుకింత చొప్పున ముందే కట్టాలి. మామ్మ చిన్నప్పటికి రేట్లు మారాయి. తర్వాతి సంపుటాలూ చూశాను. కుక్క కింద శవం మాత్రం అక్కడే ఉంది.

రెండేళ్ళ పిల్లాడు ఊపిరి పీలుస్తుంటే ఉచితం. ఊపిరి ఆగిన క్షణం నుంచి వ్యాగన్. మామ్మకి చెప్పాల్సింది ఇదేనా? చట్టం ప్రకారం చూస్తే వాళ్ళమ్మ చేసింది తప్పే. మెత్తగా చెప్పే మార్గం రెండు గంటలూ వెతికాను, దొరకలేదు. మధ్యలో రెండుసార్లు మామ్మ ఫోన్. "లేచే ఉన్నావేటి?" "ఉన్నాను మామ్మా." "నీ పేరు సెప్పు." ఇరవై ఆరేళ్ళ దాన్ని, రైలుపెట్టెలో అందరి ముందూ నా పేరు నేను చెప్పుకున్నాను. ఎదుటి సీటులోని చీనా పెద్దాయన నవ్వుకున్నాడు.

తాపా రోడ్‌లో దిగేవాళ్ళు తక్కువ, బయట టాక్సీలు ఇంకా తక్కువ. ఒకే ఒక పాత కారు, అందులో డెబ్బై దాటిన డ్రైవరు. తెలుక్ ఇంతాన్ మీదుగా సుంగై సుమున్ దాకా తొంభై రింగిట్లన్నాడు, ఎనభైకి ఒప్పుకున్నాడు. దారి మొత్తం గంటన్నర లోపు. మేం మాట్లాడుకున్నది తమిళంలో.

"పాత రైలుదారి చూడాలా? అందులో చూడ్డానికి ఏముందమ్మా? పట్టాలు ఎప్పుడో పీకేశారు లా" అన్నాడు, ఇక్కడ అందరం మాట చివర తగిలించే 'లా' తగిలించి. అన్నాడే కానీ, రెండు చోట్ల కారు ఆపి తనే చూపించాడు. పామాయిల్ చెట్ల మధ్య నేల కొంచెం ఎత్తుగా, గీత గీసినట్టు తిన్నగా పోతోంది, అంతే. గడ్డి మోకాలెత్తు. జలగలుంటాయి, బూట్లు వేసుకునే దిగండి.

దారిలో లాంగ్‌కాప్ అనే ఊళ్ళో టీ తాగుతుంటే అన్నాడు, "మా నాన్న ఈ లైన్లోనే టికెట్ చెకర్. ఇరవై ఏళ్ళు తిరిగాడు."

నా చేతిలోని గ్లాసు కింద పెట్టేశాను. "అంకుల్, రైల్లో చిన్న పిల్లలు నిద్రపోతుంటే మీ నాన్న ఏం చేసేవారు?"

"లేపేవాడు" అన్నాడు, ఆలోచించనైనా లేదు. "కచ్చితంగా లేపాల్సిందే. నాలుగేళ్ళ వాణ్ణి, ఐదేళ్ళ వాణ్ణి ముడిచి ఒళ్ళో పడుకోబెట్టి, రెండేళ్ళని చెప్పేవాళ్ళు. అందరికీ తెలిసిన ఎత్తే. లేపి బెంచీ పక్కన నిలబెట్టి ఎత్తు చూసేవాడు. పిల్లలు ఏడుపు, తల్లులు శాపనార్థాలు. మా నాన్నకు ఈ లైన్లో పేరేంటో తెలుసా? పిశాచి."

"నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపకుండా, పాదం ముట్టుకుని, పడుకోనీ అని వెళ్ళిపోతే?"

అప్పుడు నా వైపు తిరిగి చూశాడు. ఎవరి సంగతని అడగలేదు. టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. "పాదం చల్లగా ఉండి ఉంటుంది" అన్నాడు. "అది తెలిసి కూడా చెప్పకపోతే, పై వాళ్ళకు దొరికితే ఉద్యోగం పోతుంది."

"అది మీ నాన్నేనా?"

"కాదమ్మా. మా నాన్నయితే లేపేవాడు." కారు తాళాలు తీసుకుంటూ, "ఏమో మరి. ఇంటికొచ్చి అన్నీ చెప్పే మనిషి కాదు" అన్నాడు. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

తెలుక్ ఇంతాన్‌లో వాలిన గడియారపు గోపురం దగ్గర అందరూ ఫోటోలు దిగుతారు. నేను డ్రైవరునడిగి పాత స్టేషను ఉండిన వైపు వెళ్ళాను. బెంచీ లేదు, స్టేషనూ లేదు. నది వాసన మాత్రం ఉంది. పది నిమిషాలు నిలబడి మళ్ళీ కారెక్కాను.

ఒంటిగంటకు సుంగై సుమున్ చేరేసరికి మామ్మ కారు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కరివేపాకు దూస్తోంది. అన్నం తినమంది. ముందు చెబుతాను, తర్వాత తింటానన్నాను. కింద కూర్చుని పట్టిక మొత్తం చదివి వినిపించాను. కుక్క దాకా వచ్చి ఆగాను.

"సదువు" అంది.

చదివాను.

"బతికున్నోడికి ఏటీ నేదా?"

"లేదు మామ్మా. మూడేళ్ళ దాకా ఉచితం."

"సచ్చిపోతే బండి మొత్తం."

"అవును."

"అయితే మాయమ్మ సేసింది తప్పేనన్నమాట."

"చట్టం ప్రకారం తప్పే మామ్మా." అబద్ధం చెప్పలేకపోయాను. ఆవిడ చేతిలో రెమ్మ అలాగే ఆగిపోయింది. అప్పుడు డ్రైవరు మాట చెప్పాను. నిద్రపోతున్న పిల్లల్ని ఆ లైన్లో ఏ చెకరూ వదిలిపెట్టేవాడు కాదని, లేపి నిలబెట్టడమే వాళ్ళ పనని.

మామ్మ ఆ రెమ్మ పక్కన పెట్టింది. "ఆడికి తెలిసిపోయినాదా?" అంది.

"తెలిసే వదిలేశాడు."

"మరి నానాడిన అబద్ధం?"

"నీ మాట నమ్మి కాదు మామ్మా. పాదం ముట్టుకున్నాడు కదా."

"ఓలమ్మో" అంది. ముందు నవ్వింది, నిజంగానే నవ్వింది. "నానే ఆణ్ణి మోసం సేసినాననుకున్నాను గదే! ఆడే నన్ను మోసం సేసినాడు. ఏడేళ్ళ గుంటని, ఎంత పొంగిపోయినానో, ఎంత బయపడిపోయినానో…" ఆ తర్వాత కొంగు మొహానికి పెట్టుకుంది. కొంగు తీశాక అంది, "ఆడి పేరు అప్పన్న." మా ఇంట్లో ఆ పేరు వినడం నాకదే మొదటిసారి. వాళ్ళమ్మ మళ్ళీ ఎప్పుడూ ఆ పేరెత్తలేదట, ఎవరినీ ఎత్తనివ్వలేదట.

భోజనం దగ్గర మామ్మ ఇంకో ఆకు వేసింది. అన్నం, పప్పు, వేపిన చేప ముక్క పెట్టింది. పక్కన చిన్న గ్లాసుతో నీళ్ళు. ఎవరికని నేనడగలేదు. తిన్నాక ఫోన్ అందుకుని వదినకి చేయమంది. "ఇదిగో, సూడు. వచ్చే నెల రైల్లో వచ్చినప్పుడు పిల్లోణ్ణి లేపకండి. పడుకోనీండి." అవతల వదిన ఏమందో తెలీదు. "కోపం కాదే తల్లీ, నిజంగానే సెప్తున్నాను లా" అంది మామ్మ.

ఆ చట్టం రాసినవాళ్ళు దేన్నీ మరిచిపోలేదు. గుర్రానికి, కుక్కకు, బరువుకు, మైలుకు అన్నిటికీ ఒక గడి ఉంది. ఒక మనిషి చల్లటి పాదాన్ని ముట్టుకుని, దుప్పటి కప్పి, తన ఉద్యోగాన్ని ఒక తల్లి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోవడానికి మాత్రం ఏ పేజీలోనూ గడి లేదు. ఆయన పేరు నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఆ దారిలో వెళ్ళేటప్పుడు పామాయిల్ తోటల్లో తిన్నగా పోయే ఆ ఎత్తు నేల కనిపిస్తే, ఒక్క నిమిషం ఆగండి.

చివరగా, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. తాపా రోడ్‌లో రైలు ఎక్కువసేపు ఆగదు, కానీ స్టేషను పేరు ముందుగానే మైకులో చెబుతారు. అప్పుడు సామాన్లు తలుపు దగ్గరికి చేర్చుకుంటే సరిపోతుంది. అప్పటిదాకా పిల్లల్ని పడుకోనీండి.